ఉబుంటు అలవాట్లు, ఓపెన్‌బీఎస్‌డీ ల్యాప్‌టాప్: ఏ టూల్ నిలిచింది, ఏది ఎందుకు మొరాయించింది

ముందు కేసు వివరాలు. ఒక చిన్న బృందం తయారుచేసే ఫైర్‌వాల్ బాక్స్ ఓపెన్‌బీఎస్‌డీ (భద్రతకు పెద్దపీట వేసే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడుస్తుంది. దాని డ్యాష్‌బోర్డ్ ఫ్రంట్‌ఎండ్ వీట్‌లో (జావాస్క్రిప్ట్ బిల్డ్ టూల్), బ్యాకెండ్ పైథాన్ ఫ్లాస్క్‌లో, లాగ్‌లు వడపోసే టూల్ రస్ట్‌లో, పీఎఫ్ (ఓపెన్‌బీఎస్‌డీలోని ప్యాకెట్ ఫిల్టర్) నుంచి లెక్కలు లాగే చిన్న ప్రోగ్రాం సీలో ఉన్నాయి. కొత్తగా చేరిన ఇద్దరు డెవలపర్లకు అలవాటైంది ఉబుంటు. బాక్స్‌లో ఉన్న సిస్టమే ల్యాప్‌టాప్‌లోనూ ఉంటే పీఎఫ్ కోడ్‌ను అక్కడికక్కడే పరీక్షించుకోవచ్చు. అందుకని వాళ్ల థింక్‌ప్యాడ్‌లలో 7.6 వెర్షన్ ఎక్కించారు. 16 జీబీ ర్యామ్, నాలుగు కోర్ల ఇంటెల్ ప్రాసెసర్, ఇన్‌స్టాలర్ తనంతట తాను వేసిన పార్టిషన్లు. వాళ్లు అడిగిన టూల్స్ ఐదు: వీఎస్ కోడ్ ఎడిటర్, ఎన్‌వీఎం (నోడ్ వెర్షన్లు తెచ్చేది), రస్టప్ (రస్ట్ కంపైలర్ తెచ్చేది), పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చేది), డాకర్ (కంటైనర్లు నడిపేది). కొత్తవాళ్లు ఎవరైనా ఇవే అడుగుతారు. ఈ ఐదింటిలో నిలిచింది పిప్ ఒక్కటే, అదీ సగమే.

అసలు గొడవ డౌన్‌లోడర్లతో

ఎన్‌వీఎం గానీ రస్టప్ గానీ స్వయంగా రన్‌టైమూ కాదు, కంపైలరూ కాదు. ఎక్కడో తయారైన బైనరీని మన హోమ్ ఫోల్డర్లోకి దింపిపెట్టే మధ్యవర్తులు. నియోవిమ్‌లో లాంగ్వేజ్ సర్వర్లు తెచ్చిపెట్టే మేసన్ ప్లగిన్ కూడా ఆ కోవదే. ఇన్‌స్టాల్ అయ్యాక చడీచప్పుడు లేకుండా ఏదో ఒకటి దింపే ఎన్‌పీఎం ప్యాకేజీలూ అంతే. నోడ్ అధికారిక సైట్ ఓపెన్‌బీఎస్‌డీకి బైనరీ ఇవ్వదు. రస్ట్ ప్రాజెక్టులో ఓపెన్‌బీఎస్‌డీ మూడో అంచె టార్గెట్, అంటే రస్టప్ దింపడానికి అక్కడ రెడీమేడ్ కంపైలర్ ఉండదు. లైనక్స్ బైనరీనే తెచ్చి నడిపిద్దామంటే ఆ దారీ మూసుకుపోయింది. పాత లైనక్స్ ఎమ్యులేషన్‌ను 2016లో వచ్చిన 6.0లోనే తీసేశారు.

అలాంటి పరాయి బైనరీ నడపబోతే వచ్చే ఎర్రర్ తికమక పెడుతుంది. కెర్నల్ దాన్ని తనది కాదని తిప్పికొడుతుంది. షెల్ అది స్క్రిప్టేమో అనుకుని చదవబోతుంది. దాంతో చాలాసార్లు మొదటి లైన్లోనే సింటాక్స్ ఎర్రర్ పడుతుంది. కొత్తవాళ్లు డౌన్‌లోడ్ పాడైందనుకుని మళ్లీ మళ్లీ దింపుతుంటారు. అనుమానం వస్తే ముందు ఆ ఫైల్ మీద 'ఫైల్' కమాండ్ కొట్టాలి. జవాబులో లైనక్స్ అనే మాట కనిపిస్తే ఆ దారి వదిలేయడమే.

కాబట్టి మొదటి రోజు నియమం ఒక్కటే: కంపైలర్లు, రన్‌టైమ్‌లు, లాంగ్వేజ్ సర్వర్లు పీకేజీ_యాడ్ (సిస్టమ్ ప్యాకేజీలు వేసే కమాండ్) నుంచే రావాలి. నోడ్, రస్ట్, గో, పైథాన్ అన్నీ అక్కడున్నాయి. రస్ట్ ప్యాకేజీ ఒక్కటే వేస్తే క్లిప్పీ, రస్ట్‌ఎఫ్ఎంటీ, రస్ట్-ఎనలైజర్ రావు. అవి విడివిడి ప్యాకేజీలు, పేర్లు చెప్పి వేసుకోవాలి. ఏ పేరుతో ఉందో తెలియకపోతే పీకేజీ_ఇన్ఫోకి మైనస్ క్యాపిటల్ క్యూ ఇచ్చి వెతకొచ్చు. సుడో బదులు డూఆజ్ బేస్ సిస్టమ్‌లోనే ఉంది. /ఈటీసీ/డూఆజ్.కాన్ఫ్ ఫైల్లో వీల్ (అడ్మిన్) గ్రూపుకు 'పర్మిట్ పర్సిస్ట్' అని ఒక్క లైను రాస్తే పని మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ వదులుకోవాల్సింది కూడా ఉంది. ఒక విడుదలలో నోడ్ ఒక్క వెర్షనే ఉంటుంది. ఆ ఆరు నెలలూ అదే, భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. రస్ట్‌దీ అదే పరిస్థితి. ప్రాజెక్టుకొక నోడ్ వెర్షన్ పెట్టుకునే అలవాటు ఇక్కడ చెల్లదు. రస్ట్‌లో కొత్త క్రేట్ (లైబ్రరీ) ఏదైనా 'నాకు ఇంకా కొత్త కంపైలర్ కావాలి' అని మొండికేస్తే, కార్గో (రస్ట్ బిల్డ్ టూల్) 1.84 నుంచి ఉన్న మూడో రిజాల్వర్‌ను (క్రేట్ వెర్షన్లు ఎంచే పద్ధతి) ప్రాజెక్టులో పెట్టుకుంటే చేతిలో ఉన్న కంపైలర్‌కు సరిపడే పాత క్రేట్‌ను అదే ఎంచుకుంటుంది. అంతకన్నా పాత కార్గో అయితే క్రేట్ వెర్షన్‌ను చేత్తో తగ్గించాలి. నైట్లీ ఫీచర్లు తప్పనిసరైన కోడ్‌ను ఈ మెషీన్ మీదికి తేకపోవడమే మేలు.

సీహెచ్‌మాడ్‌కు లొంగని 'పర్మిషన్ డినైడ్'

ఈ కేసులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. ప్యాకేజీ నోడ్ /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో చక్కగా నడుస్తోంది. ఎన్‌వీఎం అలవాటున్న చెయ్యి ఊరుకోదు కదా, అదే బైనరీని హోమ్‌లోని బిన్ ఫోల్డర్లోకి కాపీ చేసింది. అక్కడి నుంచి నడిపితే పర్మిషన్ డినైడ్. ఎల్ఎస్ కొడితే ఎక్స్ బిట్ ఉంది, ఓనర్ సరైనవాడే. సీహెచ్‌మాడ్ (ఫైల్ అనుమతులు మార్చే కమాండ్) 755 కొట్టినా అదే జవాబు, రూట్‌గా నడిపినా అదే జవాబు.

కారణం ఫైల్ అనుమతుల్లో లేదు, మౌంట్‌లో ఉంది. ఓపెన్‌బీఎస్‌డీలో ఒక మెమరీ పేజీ రాయడానికైనా ఉండాలి, నడపడానికైనా ఉండాలి, ఒకేసారి రెండింటికీ కుదరదు. నడుస్తూ నడుస్తూ మెషీన్ కోడ్ తయారుచేసుకునే జిట్ ఇంజిన్లకు ఈ నియమం అడ్డం. 6.0 నుంచి దీనికి రెండు తాళాలు పెట్టారు. బైనరీ మీద 'డబ్ల్యూఎక్స్‌నీడెడ్' అనే గుర్తు ఉండాలి, అది ఉన్న ఫైల్ సిస్టమ్ 'డబ్ల్యూఎక్స్‌అలౌడ్' అనే ఆప్షన్‌తో మౌంట్ అయి ఉండాలి. గుర్తు ఉండి మౌంట్ ఆప్షన్ లేకపోతే కెర్నల్ అసలు మొదలే పెట్టనివ్వదు, ఆ పర్మిషన్ డినైడ్ అక్కడిది. గుర్తే లేకపోతే ప్రోగ్రాం మొదలవుతుంది గానీ మెమరీ అడిగిన చోట ఎర్రర్‌తో ఆగుతుంది. ఏ తాళం దగ్గర ఆగిందో ఈ తేడాను బట్టే తేల్చుకోవాలి.

ఇన్‌స్టాలర్ వేసే పార్టిషన్లలో /యూఎస్ఆర్/లోకల్‌కు ఆ ఆప్షన్ ఉంటుంది, /హోమ్‌కు ఉండదు. ఆప్షన్లేమీ లేకుండా మౌంట్ కమాండ్ కొడితే కనిపిస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ ఆప్షన్లు రాసి ఉండే ఫైల్) /హోమ్‌కు కూడా తగిలిస్తే పోలేదా అని ఇద్దరూ అడిగారు. పనైతే అవుతుంది. కానీ బ్రౌజర్ దింపిన చెత్తంతా చేరేది కూడా ఆ /హోమ్‌లోనే. అక్కడ తాళం తీశాక ఈ సిస్టమ్ ఎంచుకున్నందుకు అర్థం లేదు. సొంతంగా జిట్ రాసేవాళ్లు వేరే చిన్న పార్టిషన్ చేసి దానికి మాత్రమే ఆ ఆప్షన్ ఇచ్చి, లింకర్‌కు 'జెడ్ డబ్ల్యూఎక్స్‌నీడెడ్' ఫ్లాగ్ పంపితే సరిపోతుంది. పోర్ట్స్ (సోర్స్ నుంచి ప్యాకేజీలు తయారుచేసే సరంజామా) నుంచి నోడ్ లాంటివి కంపైల్ చేసేవాళ్లకూ అంతే, కంపైల్ జరిగే ఫోల్డర్ ఆ ఆప్షన్ ఉన్న చోట ఉండాలి.

జావాస్క్రిప్ట్ ఫైళ్లకు ఈ బెడద లేదు. నడిచే బైనరీ నోడ్, అది /యూఎస్ఆర్/లోకల్‌లో ఉంది. కాబట్టి ఎన్‌పీఎం ప్రిఫిక్స్‌ను హోమ్‌లోని ఒక ఫోల్డర్‌కు మార్చి, దాని బిన్‌ను పాత్‌లో పెడితే గ్లోబల్ ప్యాకేజీలు రూట్ అవసరం లేకుండానే పడతాయి.

ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఎక్కడ తెగుతుంది

జావాస్క్రిప్ట్ కోడ్ బిల్డ్ చేసే ఈఎస్‌బిల్డ్ ఓపెన్‌బీఎస్‌డీ బైనరీని కూడా ప్రచురిస్తుంది, దానితో పేచీ లేదు. ఈ ప్రాజెక్టు వాడే వీట్ లోపల కూర్చునే రోలప్ నాలుగో వెర్షన్ నుంచి నేటివ్ బైనరీ మీద ఆధారపడుతోంది. లాక్ ఫైల్లో ఉన్న వెర్షన్‌కు మన ప్లాట్‌ఫారం బైనరీ లేకపోతే 'ఈ ప్లాట్‌ఫారంకు నేటివ్ బిల్డ్ లేదు, వాస్మ్ బిల్డ్ వాడండి' అని అదే చెబుతుంది (వాస్మ్ అంటే ఏ సిస్టమ్‌లోనైనా నడిచే వెబ్‌అసెంబ్లీ). ప్యాకేజ్.జేసన్‌లో ఓవర్‌రైడ్స్ కింద రోలప్‌ను 'ఎన్‌పీఎం:@రోలప్/వాస్మ్-నోడ్'కు మళ్లించి, నోడ్_మాడ్యూల్స్‌నూ లాక్ ఫైల్‌నూ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. లాక్ ఫైల్ తీయకపోతే ఓవర్‌రైడ్ పట్టనట్టే కనిపిస్తుంది, ఈ కేసులో ఒకసారి సరిగ్గా అదే జరిగింది. వాస్మ్ బిల్డ్ కాస్త నెమ్మది, డ్యాష్‌బోర్డ్ సైజు ప్రాజెక్టుకు ఇబ్బంది లేదు.

సీ++ యాడాన్లు కంపైల్ చేసే నోడ్-జిప్, పేరులో బీఎస్‌డీ ఉన్న ప్రతి సిస్టమ్‌లోనూ మేక్ బదులు జీమేక్‌ను పిలుస్తుంది. జీమేక్, పైథాన్ రెండూ ప్యాకేజీల నుంచి ముందే వేసి ఉంచాలి. బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే పపెటీర్ తన క్రోమ్‌ను దింపకుండా ఆపి, ప్యాకేజీగా వేసిన క్రోమియం పాత్ ఇస్తే నడుస్తుంది. అలాంటిదే అయిన ప్లేరైట్ కోసం కుస్తీ పట్టకండి. అది వర్చువల్ మెషీన్‌లోకి పోవాల్సిందే.

మెమరీ ఉంది, అయినా చాలదంటుంది

16 జీబీ మెషీన్‌లో రస్ట్ బిల్డ్ 'అవుట్ ఆఫ్ మెమరీ' అని చచ్చిపోతే ర్యామ్‌ను తిట్టుకోనక్కర్లేదు. ప్రతి యూజర్‌కూ /ఈటీసీ/లాగిన్.కాన్ఫ్‌లో ఒక క్లాస్ ఉంటుంది, ఒక్కో ప్రాసెస్ ఎంత డేటా వాడొచ్చో అక్కడ రాసి ఉంటుంది. యూలిమిట్ మైనస్ ఏ కొడితే ప్రస్తుత హద్దులు కనిపిస్తాయి. యూజర్‌ను స్టాఫ్ క్లాస్‌లో పెట్టాలి, యూజర్‌మాడ్‌కు మైనస్ క్యాపిటల్ ఎల్ ఇస్తే మారుతుంది. ఆ క్లాస్‌లో డేటాసైజ్-కర్‌ను 4096ఎం, ఓపెన్‌ఫైల్స్-కర్‌ను 4096 చేయాలి. దాని పక్కనే ఉండే ఓపెన్‌ఫైల్స్-మ్యాక్స్ అంతకన్నా తక్కువ ఉంటే దాన్నీ పెంచాలి. తర్వాత పూర్తిగా లాగౌట్ అయి రావాలి. కొత్త టెర్మినల్ తెరిస్తే చాలదు, ఎక్స్ సెషన్ పాత హద్దులతోనే నడుస్తుంటుంది. /ఈటీసీలో లాగిన్.కాన్ఫ్.డీబీ అనే ఫైల్ ఉంటే సిస్టమ్ దాన్నే చదువుతుంది. అప్పుడు క్యాప్_ఎంకేడీబీ నడిపితే తప్ప మార్పు అంటదు.

ఓపెన్ ఫైళ్ల సంఖ్య ఎందుకు పెంచాలంటే, ఫైళ్ల మార్పులు కనిపెట్టే లైనక్స్‌లోని ఐనోటిఫై ఇక్కడ లేదు. కేక్యూ ఉంది. కేక్యూతో ఒక ఫైల్ మీద కన్నేసి ఉంచాలంటే ఆ ఫైల్‌ను తెరిచే ఉంచాలి. వీట్ డెవ్ సర్వర్ ప్రాజెక్టు మొత్తాన్ని కాపలా కాస్తే మామూలు హద్దు 512 ఇట్టే నిండిపోతుంది. హద్దు పెంచాక కూడా కెర్నల్ మొత్తానికి ఉన్న కెర్న్.మ్యాక్స్‌ఫైల్స్ అడ్డొస్తే సిస్‌కంట్రోల్‌తో అదీ పెంచాలి. పెద్ద ప్రాజెక్టుల్లో పోలింగ్ (ఫైళ్లను పదేపదే తనిఖీ చేయడం) పెట్టడం నయం, కాస్త సీపీయూ తింటుంది అంతే.

సగం కోర్లు కనిపించడం లేదన్న ఫిర్యాదు కూడా వచ్చింది. కనిపించనివి కోర్లు కావు, హైపర్‌థ్రెడ్లు. భద్రత కోసం 2018 నుంచి అవి ఆగి ఉంటాయి. హెచ్‌డబ్ల్యూ.ఎస్ఎంటీని 1 చేస్తే లేస్తాయి. ల్యాప్‌టాప్‌లో అది ఎవరి ఇష్టం వారిది, ఫైర్‌వాల్ బాక్స్‌లో మాత్రం ముట్టుకోవద్దు. ఇక బిల్డ్ మధ్యలో 'నో స్పేస్' అని వస్తే డిస్క్ నిండినట్టు కాదు, /టెంప్ చిన్న పార్టిషన్ కాబట్టి అది నిండింది. టెంప్‌డిర్‌ను హోమ్‌లోని ఫోల్డర్‌కు చూపిస్తే పోతుంది. వేగం కోసం ఎఫ్‌స్టాబ్‌లో సాఫ్ట్‌డెప్ పెట్టమనే పాత సలహా పట్టించుకోవద్దు, 7.4 నుంచి దానికి పనే లేదు. నోఎటైం పెట్టుకుంటే మాత్రం లాభమే.

పిప్: సగం దారి

పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు దొరికే సైట్) రెడీమేడ్ వీల్స్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు) లైనక్స్‌కు, మ్యాక్‌కు, విండోస్‌కు ఉంటాయి, ఓపెన్‌బీఎస్‌డీకి ఉండవు. శుద్ధ పైథాన్ ప్యాకేజీలకు ఈ తేడా తెలియదు, ఫ్లాస్క్ ఇట్టే పడింది. క్రిప్టోగ్రఫీ దగ్గర పిప్ సోర్స్ దింపి, రస్ట్ కావాలని అడిగి, కంపైల్ మొదలుపెట్టింది. నంపైదీ ఇదే వరస. పైడాంటిక్-కోర్ లోపల కూడా రస్టే.

బరువైనవన్నీ పీకేజీ_యాడ్‌తో వేసుకోవడం దీనికి మందు: పీవై3-క్రిప్టోగ్రఫీ, పీవై3-నంపై ఇలా. తర్వాత వెన్వ్ (ప్రాజెక్టుకు విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) చేసేటప్పుడు 'సిస్టమ్-సైట్-ప్యాకేజెస్' ఆప్షన్ ఇవ్వాలి. అప్పుడు వెన్వ్‌కు అవి కనిపిస్తాయి, పిప్ వాటిని దాటి మిగతావే తెస్తుంది. అయితే రిక్వైర్మెంట్స్ ఫైల్లో క్రిప్టోగ్రఫీ పక్కన రెండు సమానాల గుర్తుతో ఒకే వెర్షన్ బిగించి ఉంటే, ప్యాకేజీ వెర్షన్ దానికి సరిపోలక పిప్ మళ్లీ కంపైల్‌కే దిగుతుంది. ఈ కేసులో జరిగింది అదే. ఆ లైనును కనిష్ఠ వెర్షన్‌గా సడలించి, కచ్చితమైన పిన్‌లు సీఐ (తనంతట తాను బిల్డ్, టెస్ట్ నడిపే సర్వర్) కోసం వేరే ఫైల్లో ఉంచారు.

సీ కోడ్, స్క్రిప్టులు

ఇక్కడ పెద్ద మర్మమేమీ లేదు, పేర్ల తేడాలే. బేస్‌లోని క్లాంగ్ /యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్‌ను తనంతట తాను వెతకదు. లైబ్రరీ వేశాక కూడా హెడర్ దొరకలేదంటే సీపీపీఫ్లాగ్స్‌లో ఆ పాత్, ఎల్‌డీఫ్లాగ్స్‌లో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఇవ్వాలి. ఉబుంటులోలా 'డెవ్' ప్యాకేజీ కోసం వెతకొద్దు, హెడర్లు అసలు ప్యాకేజీలోనే వస్తాయి. ఆటోకాన్ఫ్ వాడే ప్రాజెక్టులకు ఆటోకాన్ఫ్_వెర్షన్, ఆటోమేక్_వెర్షన్ అనే రెండు వేరియబుల్స్ పెట్టకపోతే అడుగు కదలదు. కొత్త జీడీబీ (డీబగ్గర్) కావాలంటే దాని పేరు ఈజీడీబీ.

మొదటి లైన్లో /బిన్/బాష్ అని ఉన్న స్క్రిప్ట్ నడవదు. స్క్రిప్ట్ కళ్లెదుటే ఉన్నా షెల్ 'దొరకలేదు' అంటుంది, దొరకనిది బాష్. ఇక్కడ బాష్ ప్యాకేజీగా /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లోకి వస్తుంది. ఆ లైనును 'ఎన్వ్ బాష్'గా మార్చితే రెండు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. /బిన్‌లో సింలింక్ పెట్టే అడ్డదారి వద్దు. ఈ ల్యాప్‌టాప్‌లో నడిచి, సింలింక్ లేని ఫైర్‌వాల్ బాక్స్‌లో పడిపోయే స్క్రిప్టులు అలాగే పుడతాయి.

ఎడిటర్, డాకర్

వీఎస్ కోడ్ రిమోట్ ఎస్ఎస్‌హెచ్ అవతలి మెషీన్‌లో తన సర్వర్ బైనరీని దింపి నడుపుతుంది. అంటే ఇదీ డౌన్‌లోడరే, ఓపెన్‌బీఎస్‌డీ అవతల ఉంటే పనిచేయదు. లోకల్‌గా వాడాలంటే ఎలక్ట్రాన్ ఎడిటర్ ప్యాకేజీ మీ విడుదలలో ఉందో లేదో వెతికి చూడండి. ఉన్నా, మైక్రోసాఫ్ట్ సీ++ ఎక్స్‌టెన్షన్ తెచ్చుకునే బైనరీలు నడవవు. ఈ ఇద్దరూ నియోవిమ్‌కు మారారు. మేసన్ తీసేసి, క్లాంగ్‌డీ (సీ లాంగ్వేజ్ సర్వర్) కోసం క్లాంగ్-టూల్స్-ఎక్స్‌ట్రా, రస్ట్‌కు రస్ట్-ఎనలైజర్ ప్యాకేజీలు వేసి, పైథాన్‌కు పైరైట్‌ను ఎన్‌పీఎం నుంచి తెచ్చుకున్నారు. పైరైట్ జావాస్క్రిప్టే కాబట్టి దానికి అడ్డు లేదు.

డాకర్‌కు లైనక్స్ కెర్నల్ కావాలి. కాబట్టి వర్చువల్ మెషీన్ తప్పదు. దాన్ని నడిపే వీఎండీ బేస్‌లోనే ఉంది, ఆర్‌సీసీటీఎల్‌తో ఎనేబుల్, స్టార్ట్ చేయాలి. వీఎంసీటీఎల్ క్రియేట్‌తో 20 జీబీ క్యూకౌ2 డిస్క్ చేసి, ఆల్పైన్ 'వర్ట్' ఐఎస్ఓతో 2 జీబీ మెమరీ, లోకల్ ఇంటర్‌ఫేస్ ఇచ్చి కన్సోల్‌తో స్టార్ట్ చేస్తే ఇన్‌స్టాల్ మొదలవుతుంది. గ్రాఫిక్ స్క్రీన్ ఉండదు, సీరియల్ కన్సోల్ మాత్రమే. గెస్ట్‌కు దక్కేది ఒక్క వర్చువల్ సీపీయూ, భారీ ఇమేజ్ బిల్డ్‌లు దీని మీద ఆశించొద్దు.

గెస్ట్‌కు ఇంటర్నెట్ రావడం లేదంటే మూడు చోట్ల చూడాలి. నెట్.ఐనెట్.ఐపీ.ఫార్వర్డింగ్ 1 కావాలి. పీఎఫ్.కాన్ఫ్‌లో 100.64.0.0/10 నుంచి బయటికెళ్లేదాన్ని ఈగ్రెస్ చిరునామాకు నాట్ చేసే మ్యాచ్ రూల్ ఉండాలి. ఈ రెండూ ఉన్నాక పింగ్ ఐపీకి వెళ్లి పేరుకు వెళ్లకపోతే అది డీఎన్ఎస్ తగాదా. వీఎండీ గెస్ట్‌కు నేమ్ సర్వర్‌గా హోస్ట్ చిరునామానే ఇస్తుంది, అక్కడ జవాబిచ్చే సర్వర్ లేదు. పోర్ట్ 53కు వచ్చేదాన్ని అసలు నేమ్ సర్వర్‌కు ఆర్‌డీఆర్-టు చేస్తే తీరుతుంది.

తెలుగు, బ్రౌజర్

కమిట్ మెసేజ్‌లు, కొన్ని టెస్ట్ ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. ఎల్ఎస్ వాటిని ప్రశ్నార్థకాలుగా చూపించింది. ఎల్‌సీ_సీటైప్‌ను 'ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8' చేయాలి, అదీ .ఎక్స్‌సెషన్ ఫైల్లో. జెనోడీఎం (గ్రాఫికల్ లాగిన్ స్క్రీన్) ద్వారా లాగిన్ అయితే .ప్రొఫైల్ చదవదు, చాలామంది అక్కడ రాసి ఎందుకు పట్టలేదా అని చూస్తుంటారు. నోటో-ఫాంట్స్ ప్యాకేజీ వేస్తే ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు చక్కగా వస్తుంది. ఎక్స్‌టెర్మ్‌లో మాత్రం ఒత్తులు, గుణింతాలు విడివిడిగానే పడతాయి, దానికి అక్షరాలు కలిపే పద్ధతి తెలియదు.

ఫైర్‌ఫాక్స్, క్రోమియం రెండూ అన్‌వెయిల్ (ప్రోగ్రాంకు కొన్ని ఫోల్డర్లే కనిపించేలా చేసే కట్టడి) కింద నడుస్తాయి. ఫైల్ అప్‌లోడ్ చేయబోతే ప్రాజెక్ట్ ఫోల్డర్ కనిపించదు, డౌన్‌లోడ్స్, /టెంప్ మాత్రమే కనిపిస్తాయి. ఫైల్‌ను డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేసి అప్‌లోడ్ చేయడమే తేలిక.

ఆరు నెలలకోసారి

కొత్త విడుదల ఆరు నెలలకోసారి వస్తుంది, చివరి రెండింటికే సవరణలు అందుతాయి. సిస్‌అప్‌గ్రేడ్, రీబూట్, పీకేజీ_యాడ్ మైనస్ యూ, ఈ వరస తప్పకూడదు. సిస్‌మెర్జ్ (సెట్టింగుల ఫైళ్లు కలిపే టూల్) ఏదైనా ఫైల్ చేత్తో కలపమంటే అప్పుడే కలపాలి. పైథాన్ వెర్షన్ మారితే పాత వెన్వ్‌లు పనికిరావు, తీసేసి మళ్లీ చేయాలి. నేటివ్ యాడాన్లున్న నోడ్_మాడ్యూల్స్ కూడా అంతే.

కార్గో ఇన్‌స్టాల్‌తో హోమ్‌లో పడిన టూల్స్ ఇంకాస్త తిరకాసు. పీకేజీ_యాడ్‌కు వాటి సంగతి తెలియదు. అప్‌గ్రేడ్ పాత లైబ్రరీ ఫైళ్లను తుడవదు కాబట్టి అవి అప్పటికి నడుస్తూనే ఉంటాయి. తర్వాతెప్పుడో సిస్‌క్లీన్ ఇచ్చిన జాబితా చూసి పాత లైబ్రరీలు చెరిపేసిన రోజున అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. అప్‌గ్రేడ్ ముందు 'కార్గో ఇన్‌స్టాల్ --లిస్ట్' ఫలితాన్ని ఒక ఫైల్లో దాచి, అప్‌గ్రేడ్ అయిన రోజే ఆ జాబితాలో ఉన్నవన్నీ 'ఫోర్స్'తో మళ్లీ కంపైల్ చేసి, ఆ తర్వాతే సిస్‌క్లీన్ జోలికి వెళ్లాలి.